ఓలె హాన్సన్ దొరకడం లేదా? నార్వే పూర్వీకుల వేటలో వచ్చే చిక్కులు

మా కోడలి పుట్టిల్లు అమెరికాలోని మిన్నెసోటా. వాళ్ల పెద్దలు నార్వే నుంచి వచ్చారని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఊరి నుంచి, ఎప్పుడు అంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. మనవడు పుట్టాక వంశవృక్షం రాయబోతే మా వైపు కొమ్మలు ఏడు తరాల దాకా పాకాయి, తల్లి వైపు బోడిగా మిగిలింది. చూడలేక ఆ పని నెత్తికెత్తుకున్నాను. మొదటి మూడు నెలలూ వేరే మనిషి వెంట పడ్డానని తర్వాత తెలిసింది. అప్పుడు తగిలిన చిక్కులను, అవి విడిపోయిన తీరును ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణల్లో పేర్లు మార్చాను.

సమస్య: పేరు కొట్టగానే వందలమంది వచ్చి పడుతున్నారు

ఓలె హాన్సన్, పుట్టిన సంవత్సరం 1858. ఈ రెండు ముక్కలతో వెతికితే నార్వే మొత్తం కదిలి వస్తుంది. ఏ ఓలె మన ఓలెనో తేలదు.

కారణం: హాన్సన్ ఇంటిపేరు కాదు. హాన్స్ కొడుకు అని అర్థం, అంతే. నార్వేలో దాన్ని హాన్సెన్ అని రాస్తారు. హాన్స్ లార్సెన్ కొడుకు ఓలె హాన్సెన్ అవుతాడు. ఆ ఓలె కూతురు కారి ఓల్స్‌దత్తర్ అవుతుంది. పెళ్లయినా ఆవిడ పేరు మారదు. వీటి చివర మరో మాట చేరుతుంది, అది కమతం పేరు. ఓలె హాన్సెన్ బక్కెన్ అంటే బక్కెన్ కమతంలో ఉంటున్న ఓలె. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ల పేర్లు బోలెడు కాబట్టి ఇది మనకు ఇట్టే అర్థమైనట్టు అనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే. మన ఇంటిపేరు ఊరు మారినా వెంట వస్తుంది. అక్కడ కమతం మారితే పేరే మారిపోతుంది. బక్కెన్‌లో పుట్టినవాడు హౌగెన్‌కు ఇల్లరికం వెళితే, మరుసటి ఏడాది పాస్టరు అతన్ని ఓలె హాన్సెన్ హౌగెన్ అనే రాస్తాడు. అది చిరునామా అనుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. అందరూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని నార్వే చట్టం చేసింది 1923లో. అప్పటికి పెద్ద వలసల కాలం దాదాపు ముగిసింది.

పరిష్కారం: ఇంటిపేరుతో వెతకడం మానేయండి. మనిషి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం), ఈ నాలుగూ చేతిలో ఉండాలి. నార్వే జాతీయ పురాలేఖ సంస్థ నడిపే డిజిటల్‌ఆర్కీవె అనే సైట్‌లో చర్చి పుస్తకాల ఫొటోలు, జనాభా లెక్కలు ఉచితంగా చూడవచ్చు. అందులో బాప్తిస్మం పట్టిక ఇలా ఉంటుంది: పుట్టిన తేదీ మార్చి 14; బిడ్డ పేరు ఓలె; తల్లిదండ్రులు రైతు హాన్స్ లార్సెన్ బక్కెన్, మారిత్ ఓల్స్‌దత్తర్; ఆ పక్కన అయిదారుగురు సాక్షులు. బిడ్డకు ఒక్క పేరే ఉంది చూడండి. ఇక్కడ 'హాన్సన్' అని వెతికితే ఏం దొరుకుతుంది? సాక్షుల పేర్లు వదలకుండా రాసుకోండి. ఎక్కువగా వాళ్లు మేనమామలు, పిన్నులు, పక్క కమతం వాళ్లే అయి ఉంటారు. తర్వాత అమెరికాలో ఇరుగుపొరుగుగా మళ్లీ ఎదురవుతారు.

చిన్న మెలిక ఒకటుంది. 1865 జనాభా లెక్కల్లో నిండిన ఏళ్లు కాకుండా నడుస్తున్న ఏడు రాశారు. 1858 మార్చిలో పుట్టిన పిల్లవాడికి ఆ ఏడాది చివర ఏడేళ్లు నిండి ఉంటాయి, పట్టికలో మాత్రం ఎనిమిది కనిపిస్తుంది. దాన్ని చూసి 'వీడు మనవాడు కాడు' అని తోసేయకండి.

సమస్య: "మాది ట్రోన్‌హైమ్" అంటారు, ట్రోన్‌హైమ్ పుస్తకాల్లో లేరు

మా వియ్యంకుడు ఈ మాట ఎంత ధీమాగా చెప్పాడంటే, నేను ఆ నగరపు చర్చి పుస్తకాలన్నీ వరసగా తిరగేశాను. అతని ముత్తాత అసలు ఊరు ఓప్‌దాల్. ట్రోన్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైన దక్షిణాన, కొండల మధ్య ఉన్న పారిష్ అది.

కారణం: అమెరికాలో ఎవరైనా అడిగితే మనవాళ్లు మాత్రం ఏం చేస్తున్నారు? సూర్యాపేట పక్క పల్లెటూరివాడు కూడా హైదరాబాదు అనే చెబుతాడు. వాళ్లూ అంతే. ట్రోన్‌హైమ్ అంటే ఓడ ఎక్కిన రేవు కావచ్చు, జిల్లా కావచ్చు, బిషప్పు ఏలుబడి కావచ్చు. పైగా పాత పేర్లు మారిపోయాయి. క్రిస్టియానియా 1925లో ఓస్లో అయింది. పాత జిల్లాల పేర్లను 1919లో మార్చారు.

పరిష్కారం: సముద్రం దాటే ముందు అమెరికాలోనే పారిష్ పేరు పట్టుకోవాలి. అన్నిటికన్నా మేలైన చోటు అక్కడి నార్వేజియన్ లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) చర్చి పుస్తకాలు. ఆ తొలి పాస్టర్లలో చాలామంది నార్వేలో చదివి వచ్చినవారు. అమెరికా గుమాస్తా 'నార్వే' అని ఒక్క మాట రాసి ఊరుకున్న చోట, పాస్టరు పుట్టిన పారిష్‌ను, ఒక్కోసారి కమతాన్ని కూడా రాశాడు. పెళ్లి, మరణం, సభ్యుల పట్టిక మూడూ చూడండి. ఆ చర్చి ఇప్పుడు లేకపోతే కంగారు పడనక్కరలేదు. అక్కడి లూథరన్ శాఖలు 1917లో, 1960లో, 1988లో ఒకదానిలో ఒకటి కలుస్తూ వచ్చాయి. పుస్తకాలు కొన్ని పక్క ఊరి చర్చికి, కొన్ని శాఖ భాండాగారానికి చేరి ఉంటాయి. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో నార్వేజియన్ అమెరికన్ వంశచరిత్ర కేంద్రం ఒకటుంది, ఈ చర్చి పుస్తకాల నకళ్లు చాలా అక్కడ చూడవచ్చు. తర్వాతి మెట్టు సంతాప వార్తలు. అయోవాలోని డెకోరా నుంచి 1874 మొదలు 1972 దాకా వచ్చిన 'డెకోరా పోస్టెన్' వంటి నార్వేజియన్ పత్రికల్లో పోయినవారి పుట్టిన ఊరు తరచు కనిపిస్తుంది. అదే మనిషి మీద వచ్చిన ఇంగ్లిష్ వార్తలో ఆ ముక్క ఉండదు.

సమస్య: ఓడ ప్రయాణికుల జాబితాలో లేరు

న్యూయార్క్ రేవులో వలస వచ్చినవారిని తనిఖీ చేసిన కేంద్రం ఎల్లిస్ ఐలండ్. దాన్ని తెరిచింది 1892 జనవరి 1న. అంతకు ముందు వచ్చినవారిని అక్కడ వెతకడం వృథా. న్యూయార్క్‌లో అంతకు ముందున్నది కాసిల్ గార్డెన్. 1850ల నుంచి సుమారు పదిహేనేళ్లు నార్వేవాళ్లలో అధిక భాగం న్యూయార్క్‌కు రానే లేదు. 1849లో బ్రిటన్ పరాయి దేశాల ఓడలకు అడ్డుగా ఉన్న తన నౌకాయాన చట్టాలను సడలించాక, నార్వే ఓడలు కెనడా కలపను బ్రిటన్‌కు మోసుకెళ్లే బేరం దొరికించుకున్నాయి. వెళ్లేటప్పుడు ఖాళీగా పోవడం దేనికని మనుషులను ఎక్కించుకున్నాయి. వాళ్లు క్వెబెక్‌లో దిగి సరస్సుల మీదుగా చికాగో, మిల్వాకీ చేరారు. క్వెబెక్ జాబితాలు వరసగా దొరికేది 1865 నుంచే.

ఆవిరి ఓడలు వచ్చాక దారి మారింది: నార్వే నుంచి ఇంగ్లండ్‌లోని హల్, అక్కడి నుంచి రైల్లో లివర్‌పూల్, మళ్లీ ఓడ. అందుకే అమెరికా జాబితాలో బయలుదేరిన రేవు లివర్‌పూల్ అని ఉంటుంది. నార్వే వైపు నుంచి పట్టుకోవడమే సులువు. ట్రోన్‌హైమ్‌లో 1867 నుంచి, బెర్గెన్‌లో 1874 నుంచి పోలీసులు వలసపోయేవారి వివరాలు రిజిస్టర్లలో ఎక్కించారు. చివరగా ఉన్న ఊరు అందులో ఉంటుంది. ఆ కాలానికి ముందైతే పారిష్ పుస్తకంలోనే 'ఊరు విడిచినవారు' అన్న పట్టిక చూడండి. అందరూ అందులోకి ఎక్కలేదు, ఎక్కినవారి పేర్లు మాత్రం బంగారం.

సమస్య: పౌరసత్వం కాగితంలో స్వీడన్ అని ఉంది

ఇది సమస్యే కాదు. 1814 నుంచి 1905 దాకా రెండు దేశాలకూ ఒకే రాజు. పౌరసత్వం తీసుకునేవాడు 'స్వీడన్, నార్వేల రాజు'కు విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేశాడు, గుమాస్తా మొదటి మాట రాసి చేయి దులుపుకున్నాడు. 1906 సెప్టెంబరుకు ముందు ఈ కాగితాలు ఏ కోర్టులోనైనా ఇచ్చేవారు, వివరాలూ తక్కువే. ఆ తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో పుట్టిన తేదీ, ఊరు, ఓడ పేరు ఉంటాయి.

సమస్య: అన్నీ సరిపోయాయి, కానీ ఎక్కడో తేడాగా ఉంది

నా మూడు నెలలు పోయింది ఇక్కడే. ఓప్‌దాల్‌లో హాన్స్, మారిత్ దంపతులకు 1855లో పుట్టిన ఓలె దొరికాడు. వయసు రెండు మూడేళ్లు తేడా వస్తే ఏముందిలే అనుకున్నాను. అతని తాతల తాతల దాకా వెళ్లి, 1801 జనాభా లెక్కల్లో వాళ్ల ఆవుల కాపరి పేరుతో సహా రాసుకున్నాను. ఒక రాత్రి ఊరికే మరణాల పుటలు తిప్పుతుంటే ఆ ఓలె రెండో ఏట చనిపోయినట్టు కనిపించింది. తర్వాత పుట్టిన మగపిల్లవాడికి మళ్లీ అదే పేరు పెట్టారు. తాతల పేర్లు పిల్లలకు పెట్టే ఆచారం అక్కడా గట్టిదే: మొదటి కొడుక్కి సాధారణంగా తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. ఆ పేరు పెట్టుకున్న బిడ్డ పోతే తర్వాతి బిడ్డ దాన్ని మోయాలి. తాతలు ఇద్దరి పేరూ ఒకటే అయితే ఇంట్లో ఇద్దరు ఓలెలు, పెద్ద ఓలె, చిన్న ఓలె అని, బతికే ఉండవచ్చు కూడా. నా అదృష్టం, తల్లిదండ్రులు వాళ్లే కాబట్టి పై తరాలు నిలిచాయి. పోయింది మనవాడి తేదీ, నా పరువు.

పరిష్కారం ఒక్కటే: కన్ఫర్మేషన్ పట్టిక. చిన్నప్పుడు బాప్తిస్మం పొందిన పిల్లలు పెరిగాక తమ విశ్వాసాన్ని చర్చిలో స్వయంగా ఒప్పుకునే వేడుక అది. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాలకు తెలిసిన మాటే ఇది. నార్వేలో 1736 నుంచి తప్పనిసరి చేశారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దపు పట్టికల్లో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, మశూచి టీకా వేశారా లేదా అన్నది కూడా ఉంటుంది. అక్కడ దొరికితే పిల్లవాడు బతికి పెరిగాడని రుజువు. దొరకనంతవరకు పై తరాలకు పోకండి.

సమస్య: పుట కనిపిస్తోంది, చదవలేకపోతున్నాను

ఆ పుస్తకాల్లోని గోథిక్ చేతిరాత, అంటే ఇప్పటి ఇంగ్లిష్ అక్షరాలకు పోలిక లేని పాతకాలపు రాత, ఎవరినైనా బెదరగొడుతుంది. 1890ల పుటలతో మొదలుపెట్టి వెనక్కి రండి, కన్ను అలవాటు పడుతుంది. మీకు ముందే తెలిసిన పేర్లు, నెలల పేర్లు చూసి ఆ పాస్టరు అక్షరాలను ఒక కాగితం మీద గీసుకోండి. నేను అలా ముగ్గురు పాస్టర్ల వర్ణమాలలు తయారు చేశాను. వారిలో ఒకడి రాత చూస్తే చలికి వణుకుతూ రాశాడనిపిస్తుంది. చర్చి గుమాస్తా రాసుకున్న రెండో ప్రతి కూడా చాలా పారిష్‌లకు ఉంది, అందులో రాత ఎక్కువ తేటగా ఉండవచ్చు. పాత పుటల్లో తేదీ బదులు 'త్రిత్వం తర్వాత ఏడో ఆదివారం' అని ఉంటుంది. త్రిత్వ ఆదివారం ఈస్టర్ తర్వాత ఎనిమిది వారాలకు వచ్చే పండుగ, కాబట్టి ఆ ఏడాది ఈస్టర్ ఎప్పుడు వచ్చిందో చూసి లెక్క కట్టుకోవాలి.

సమస్య: అన్నదమ్ముల సంతానం ఏమయ్యారో తెలియదు

అమెరికా చేరిన ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరు హాన్సన్, ఒకరు బక్కెన్, మూడోవాడు బక్కెన్ అంటే చిన్న గుట్ట కాబట్టి ఇంగ్లిష్‌లో హిల్ కావచ్చు. గురి జూలియా అవుతుంది, మారిత్ మేరీ అవుతుంది. 1890 అమెరికా జనాభా లెక్కలు దాదాపు అన్నీ నిప్పులో పోయాయి కాబట్టి ఇరవై ఏళ్ల ఖాళీ కూడా ఉంది. దాన్ని రాష్ట్రాల లెక్కలతో పూడ్చవచ్చు: మిన్నెసోటావి 1885, 1895, 1905, అయోవాది 1925, ఇందులో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు కూడా అడిగారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వం నుంచి 160 ఎకరాలు తీసుకున్నవారి భూమి ఫైలు తెప్పించుకుంటే సాక్షులుగా సంతకం పెట్టిన పొరుగువారు కనిపిస్తారు. అన్నదమ్ముల్లో ఒకరి సంతాప వార్త దొరికితే, మిగిలినవారు ఏ పేరుతో, ఏ ఊళ్లో ఉన్నారో అందులోనే ఉంటుంది.

ఇటు నుంచి తాడు తెగితే అటు నుంచి లాగండి. నార్వేలో చాలా ప్రాంతాలకు బిగ్డెబుక్ అనే కమత చరిత్రలున్నాయి, ఒక్కో కమతంలో ఎవరు ఉన్నారో తరాల వారీగా రాసినవి. మా వియ్యంకుడి కుటుంబం దొరికిన పుటలో ఆరుగురు పిల్లల పేర్లున్నాయి. నలుగురి పక్కన 'అమెరికాకు' అని ఉంది, ఒకరి పక్కన మరణ తేదీ. ఆఖరి ఆడపిల్ల వరస మాత్రం ఆగకుండా తర్వాతి పుటలోకి వెళ్లింది. ఇప్పుడు నేను ఆ పుట చదువుతున్నాను.