కేబుల్ కాన్ఫరెన్స్‌లో ప్రెజెంటేషన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

కరెంటు సరఫరా కేబుళ్ల టెస్టింగ్ వ్యాన్‌లోనూ, ఆ కేబుళ్లను అతికే జాయింట్ గుంతల దగ్గరా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు తెలిసిన విషయాలు ఏ పుస్తకంలోనూ దొరకవు. అలాంటి మనిషి కాన్ఫరెన్స్ వేదికెక్కి పదిహేను నిమిషాలు మాట్లాడి దిగాక, హాల్లో ఎవరికీ ఏమీ గుర్తులేకపోతే నాకు నిజంగా బాధేస్తుంది. నేను చూసినంతలో తప్పు మనిషిలో ఉండదు, తయారీలో ఉంటుంది. ఫాల్ట్ వెతికినట్టే దీన్నీ వెతకొచ్చు.

సమస్య: టైమ్ అయిపోయింది, అసలు ఫలితాలు చెప్పనే లేదు

కారణం: కంపెనీ చరిత్రకు రెండు స్లైడ్లు, ఎక్స్‌ఎల్‌పీఈ (కేబుల్ ఇన్సులేషన్‌గా వాడే ప్లాస్టిక్) అంటే ఏమిటో ఒకటి, కేబుల్ లేయర్ల బొమ్మ ఇంకొకటి. అక్కడ కూర్చున్నవాళ్లు కండక్టర్ నుంచి ఔటర్ షీత్ దాకా ఏ లేయర్ ఎందుకుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

పరిష్కారం: మొదటి స్లైడ్‌లోనే కేసు పెట్టండి. "33 కేవీ ఫీడర్. ఛార్జ్ చేసిన ఏడాదిన్నరకే జాయింట్ పేలింది. ఎందుకు?" ఇంతే చాలు. పదిహేను నిమిషాలు ఇస్తే పన్నెండుకు సిద్ధం కండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని గొంతు విప్పి చెప్పి చూసుకోవాలి. మనసులో చదువుకుంటే లెక్క తప్పుతుంది. "ఫోర్ ఇంటూ టెన్ పవర్ మైనస్ త్రీ" అని నోటితో పలకడానికి, కంటితో చూసినదానికంటే చాలా ఎక్కువసేపు పడుతుంది.

పారిస్‌లో రెండేళ్లకోసారి జరిగే సీగ్రే (విద్యుత్ వ్యవస్థల అంతర్జాతీయ సంస్థ) సెషన్‌కు వెళ్తుంటే పద్ధతే వేరు. కేబుళ్లు అక్కడ బీ1 స్టడీ కమిటీ కిందికి వస్తాయి. గ్రూప్ చర్చలో ఎవరూ తమ పేపర్ మొత్తం వినిపించరు. స్పెషల్ రిపోర్టర్ పేపర్లన్నీ చదివి ప్రశ్నలు ఇస్తారు. వాటిలో ఒకదానికి మీరు కొద్ది నిమిషాల్లో జవాబు చెప్పాలి. జికేబుల్ (కేబుళ్ల అంతర్జాతీయ కాన్ఫరెన్స్) లాంటి చోట పేపర్ చదవడానికి చేసుకున్న స్లైడ్లు ఇక్కడ పనికిరావు, ప్రశ్న చూసి మళ్లీ చేసుకోవాల్సిందే.

సమస్య: నంబర్ చూపించగానే చేతులు లేస్తాయి, చర్చ అక్కడే ఆగిపోతుంది

నా మొదటి ప్రెజెంటేషన్‌లో జరిగింది ఇదే. పాత 33 కేవీ కేబుళ్ల టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో ఎంత నష్టం జరుగుతోందో చూపే కొలత) టేబుల్ పెట్టాను. పైన "టాన్ డెల్టా" అని మాత్రమే రాసి ఉంది. మూడో వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "ఏ వోల్టేజ్ దగ్గర? ఏ ఫ్రీక్వెన్సీలో?" అని అడిగారు. నాకు తెలుసు, టెస్ట్ రిపోర్ట్‌లోనూ ఉంది. కానీ స్లైడ్ మీద లేదు. నేను వివరించేలోపు పక్కాయన ఇంకో ప్రశ్న వేశారు, దాంతో మూడు నిమిషాలు పోయాయి. ఆ తర్వాత చెప్పిన ముగింపును ఎవరూ నమ్మినట్టు అనిపించలేదు.

కారణం: కొలిచిన పరిస్థితి లేకుండా నంబర్ ఒక్కటే పెట్టడం. కేబుల్ కొలతలు వాటి పరిస్థితులతో కలిస్తేనే అర్థమవుతాయి. ఫీల్డ్‌లో 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) వోల్టేజ్‌తో తీసిన టాన్ డెల్టాను, ఫ్యాక్టరీలో 50 హెర్ట్జ్ దగ్గర తీసిన దానితో పక్కపక్కన పెట్టి "ఇంత పెరిగింది" అనడానికి వీల్లేదు. వాటర్ ట్రీలు (నీరు చేరి చెట్టు కొమ్మల్లా పాకే లోపాలు) పట్టిన ఇన్సులేషన్‌లో నష్టం తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గరే ఎక్కువగా బయటపడుతుంది.

పరిష్కారం: టేబుల్ కింద ఒక్క లైను ఎప్పుడూ ఉండాలి: 19/33 కేవీ, త్రీ కోర్ 400 స్క్వేర్ ఎంఎం, ఎక్స్‌ఎల్‌పీఈ, పొడవు, ఎన్నేళ్ల కేబుల్, 0.1 హెర్ట్జ్, వోల్టేజ్ ఆర్‌ఎంఎస్‌లో. ఒక్క వోల్టేజ్ దగ్గరి విలువ కాకుండా యూ జీరోకు (కండక్టర్‌కూ భూమికీ మధ్య వోల్టేజ్, ఇక్కడ 19 కేవీ) సగం, సమానం, ఒకటిన్నర రెట్లు, అంటే 9.5, 19, 28.5 కేవీ దగ్గరి మూడు విలువలూ చూపించండి. మంచి ఎక్స్‌ఎల్‌పీఈలో గీత దాదాపు అడ్డంగా పోతుంది. నీరు పట్టినదానిలో వోల్టేజ్‌తో పాటు పైకి లేస్తుంది. ఆ లేవడమే మీ కథ. దాన్ని జనం కళ్లతో చూస్తే సగం ప్రశ్నలు పుట్టవు.

కరెంట్ రేటింగ్ (కేబుల్ ఎంత కరెంట్ మోయగలదో) స్లైడ్‌లో ఇదే పొరపాటు ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. మన కేటలాగుల్లో భూమి ఉష్ణోగ్రత సాధారణంగా 30 డిగ్రీలు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60502-2 టేబుళ్లలో 20 డిగ్రీలు. కండక్టర్ 90 డిగ్రీల దాకా పోవచ్చు కాబట్టి వేడెక్కడానికి మిగిలేది ఒకచోట 60, ఇంకోచోట 70 డిగ్రీలు. కరెంట్ ఆ నిష్పత్తి వర్గమూలం ప్రకారం మారుతుంది. అంటే మిగతావన్నీ సమానంగా ఉన్నా దాదాపు 7 శాతం తేడా. మీ కొత్త డిజైన్ 5 శాతం మెరుగు అని చెప్పబోతుంటే, ముందు ఈ రెండూ ఒకే పునాది మీద ఉన్నాయో లేదో చూసుకోండి. మట్టి థర్మల్ రెసిస్టివిటీ (వేడిని ఎంత అడ్డుకుంటుందో), పాతిన లోతు కూడా పక్కనే రాయాలి.

సమస్య: పీడీ (పార్షియల్ డిశ్చార్జ్, ఇన్సులేషన్‌లో పుట్టే చిన్న చిన్న డిశ్చార్జ్‌లు) గ్రాఫ్ పెట్టారు, వెనక వరుసకు రంగుల మరకలే కనిపించాయి

కారణం: మెషీన్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్‌ను అలాగే అతికించడం. మూడు ఫేజులు, ఆరు కిటికీలు, పైన మెనూలు.

పరిష్కారం: ఒక స్లైడ్‌కు ఒక్క ఫేజ్. కావాల్సిన భాగమే కత్తిరించి పెద్దది చేయండి. యాక్సిస్ అంకెలు మీరే మళ్లీ టైప్ చేయండి. బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ ఎన్ని పికోకూలంబులో ఒక అడ్డగీత గీయండి. అది లేకపోతే చూపించిన డిశ్చార్జ్ నిజమో, పక్క ప్యానెల్‌లోంచి వచ్చిన రొదో ఎవరికీ తెలియదు. ఛార్జ్ క్యాలిబ్రేషన్ చేశారా లేదా అన్నది నోటితో తప్పకుండా చెప్పండి.

ఫెయిలైన జాయింట్ ఫోటోలదీ ఇదే గొడవ. ఫోటోలో ముప్పావు భాగం గుంత, మట్టి, ఎవరివో చెప్పులు. అసలు కాలిన చోటు మూలన ఎక్కడో ఉంటుంది. జాయింట్ విప్పేటప్పుడే మూడు ఫోటోలు తీసుకోవాలి: దొరికినప్పుడు ఎలా ఉందో ఒకటి, పై పొర తీశాక ఒకటి, గుడ్డతో తుడిచి పక్కన స్టీల్ స్కేల్ పెట్టి దగ్గర్నుంచి ఒకటి. సెమీకాన్ (ఇన్సులేషన్ మీది సెమీకండక్టింగ్ పొర) కోసిన అంచు దగ్గర బ్లేడ్ ఎక్కువ దిగి ఇన్సులేషన్ మీద పడిన సన్నని గీత ఈ మూడో ఫోటోలోనే కనిపిస్తుంది. జాయింట్ పేలడానికి కారణం ఆ గీతే అని చెప్పబోతుంటే, హాలంతా దాన్ని చూడగలగాలి.

సమస్య: ముందు రోజు రాత్రి ఫోన్: "ఆ స్లైడ్లు తీసేయండి"

కారణం: డిస్కం లేదా కస్టమర్ అనుమతి రాతపూర్వకంగా లేదు. ఫీడర్ పేరు కొట్టేసినా, ఫోటో కింద జీపీఎస్ కెమెరా యాప్ ముద్రించిన అడ్రస్, తేదీ అలాగే ఉండిపోతాయి.

పరిష్కారం: అబ్‌స్ట్రాక్ట్ పంపేటప్పుడే మెయిల్‌లో అనుమతి తీసుకోండి. ఆ ముద్ర లేని ఫోటో వాడండి. తయారీదారు పేరు కూడా అక్కర్లేదు. లోపం ఎక్కడుందో తెలిస్తే విన్నవాళ్లకు చాలు.

సమస్య: డెల్టా గుర్తు డబ్బాగా మారింది, వీడియో ఆడలేదు

మీ లాప్‌టాప్‌లోని ఫాంట్ అక్కడి కంప్యూటర్‌లో లేదు. పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, వీడియోను విడి ఫైల్‌గా పెట్టండి. టీ బ్రేక్‌లో వెళ్లి ఆ కంప్యూటర్ మీదే ఒకసారి అన్నీ తెరిచి చూడండి.

సమస్య: ప్రశ్న అడిగారు, నోరు పెగల్లేదు

కారణం: చాలామంది ఇంగ్లీష్ అనుకుంటారు. కొంతవరకే నిజం. విషయాన్ని ఇంగ్లీష్ వాక్యాలుగా బట్టీ పట్టడం వల్ల, ఎవరైనా అడ్డం వచ్చి అడిగితే దారం తెగిపోతుంది. ఆ టెన్షన్‌లో తెలిసినది కూడా గుర్తురాదు.

పరిష్కారం: ప్రశ్నను మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, "ఇదేనా మీరు అడిగింది?" అనండి. అడిగినవారు సరిచేస్తారు, మీకు ఆలోచించడానికి కొన్ని క్షణాలు దొరుకుతాయి. తెలియకపోతే "ఆ కొలత మేం తీయలేదు" అని సూటిగా చెప్పండి. అలా చెప్పినవాళ్ల మిగతా నంబర్ల మీద నమ్మకం పెరుగుతుంది. ముఖ్యమైన టెస్ట్ రిపోర్ట్ పేజీలు ఆఖరి స్లైడ్ తర్వాత దాచి ఉంచుకోండి.

అన్నిటికంటే నాకు బాగా పనిచేసింది ఇంకోటి ఉంది. ఇంగ్లీష్‌లో ప్రాక్టీస్ చేసే ముందు, మొత్తం విషయాన్ని తెలుగులో మీతో పనిచేసే జాయింటర్‌కు చెప్పండి. "అన్నా, ఇది ఎందుకు కాలిందంటే..." అని మొదలుపెట్టండి. ఎక్కడ ఆయన ముఖం చిట్లిస్తారో అక్కడ మీ స్లైడ్ వరుస తప్పింది. నేను అలా చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "బ్లేడ్ ఎంత లోతు దిగింది సార్?" నా స్లైడ్‌లో అది లేదు. దాచి ఉంచిన ముక్క తీసి లోతు కొలిచి, ఫోటో పక్కన మిల్లీమీటర్లలో రాశాను. నెల తర్వాత హాల్లో మొదటి ప్రశ్న అదే వచ్చింది.