మహమ్మారి తర్వాత ఒంటరిగా మిగిలిన స్త్రీ కథ రాయడం ఎలా?

ఇలాంటి కథ మొదలుపెట్టే చాలామంది మొదటి పేజీలోనే ప్రపంచాన్ని ముంచేస్తారు. టీవీ వార్తలు, ఆసుపత్రుల ముందు జనం, ల్యాబుల్లో కంగారు... పదిహేను పేజీలు గడిచినా ఆమె జాడ ఉండదు. నా మొదటి డ్రాఫ్టూ అలాగే తగలడింది. రోగం తన పని మొదటి పేజీకి ముందే ముగించుకోవాలి. మనకు కావలసింది ఆ తర్వాత ఆమె గడిపే రోజులు.

1. ఆమె ఎందుకు బతికిందో తేల్చుకోండి

అదృష్టం అంటే పాఠకుడు ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి ఊరుకోడు. చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) పసిఫిక్ సముద్రంలోని పశ్చిమ సమోవా దీవుల జనాభాలో దాదాపు ఐదో వంతును పొట్టన పెట్టుకుంది. ఓడలను కట్టడి చేసిన పక్క దీవులైన అమెరికన్ సమోవాలో ఆ రోగంతో ఒక్కరూ పోలేదు. రెండోది ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల సంగతి. అక్కడ 1781లో తట్టు వచ్చింది, మళ్లీ 1846 దాకా రాలేదు. వచ్చినప్పుడు దాదాపు 7,800 మందిలో 6,000 మందికి పైగా మంచాన పడ్డారు. 1781లో ఒకసారి తట్టు పోసిన ముసలివాళ్లకు మాత్రం మళ్లీ సోకలేదు.

దూరంగా ఉండి బతికిందా, ఒంట్లో ఆ రోగాన్ని తట్టుకునే శక్తి ఉండి బతికిందా? మొదటిదైతే ఆమెకు ప్రతి తలుపు గడియా, ఎదురొచ్చే ప్రతి మనిషీ భయమే. రెండోదైతే రోగమంటే భయం లేదు. కానీ అందరికీ సేవ చేసి, అందరూ పోవడం కళ్లారా చూసి ఉంటుంది.

2. రోగం లెక్క రాసి పెట్టుకోండి

ఇది మీ నోట్‌బుక్కు కోసమే. సోకాక లక్షణాలు బయటపడటానికి ఫ్లూకి 1 నుంచి 4 రోజులు పడుతుంది, మశూచికి 7 నుంచి 19 రోజులు. ఎక్కువ రోజులు పడితే, బాగానే ఉన్నామనుకుని పారిపోయేవాళ్లే రోగాన్ని మోసుకెళ్తారు. ఇంకో చిన్న లెక్క: 800 కోట్ల మందిలో వెయ్యికి 999 మంది పోయినా 80 లక్షల మంది మిగులుతారు. కాబట్టి ఆమె ఒంటరి కావచ్చు గానీ, భూమ్మీద ఒక్కతే అనడం కష్టం.

3. ఏది ఎప్పుడు ఆగిపోతుందో క్యాలెండర్ గీయండి

కథ నమ్మశక్యంగా ఉండేది ఇక్కడే, బోల్తా కొట్టేదీ ఇక్కడే. చూసుకునే మనుషులు లేకపోతే కరెంటు ఎక్కువ రోజులు నిలవదు. కరెంటు పోతే మోటార్లు ఆగుతాయి, కుళాయిలు ఎండిపోతాయి. తలుపు తీయకపోయినా ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది, నిండా ఉన్న ఫ్రీజర్‌లో రెండు రోజులు. బయట పెట్టిన ఇన్సులిన్ చాలా రకాలకు నెల లోపే గడువు. పెట్రోలు కొన్ని నెలల్లో పాడవడం మొదలవుతుంది. మూడో ఏడు ఆమె దారిలో దొరికిన కారెక్కి తాళం తిప్పగానే స్టార్ట్ అయిందని రాస్తే, తెలిసినవాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

అన్నిటికన్నా చిన్నవి మర్చిపోకండి. కళ్లద్దాలు పగిలితే? ప్యాడ్లు అయిపోయాక నెలనెలా ఏం చేస్తుంది? ఈ ప్రశ్న చాలా డ్రాఫ్టుల్లో అసలు రాదు, ఎందుకో నాకు అర్థం కాదు. పన్ను పోటు ఒక్కటి చాలు, ఇరవై పేజీలు నడిపించవచ్చు. మూడో అధ్యాయంలో తుపాకుల ముఠా దిగడం కన్నా నాకు ఆ పన్నే ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

4. ఒకే ఒక్క రోజు రాయండి

నాలుగు వందలో రోజు అనుకోండి. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా, గతం గుర్తు చేసుకోవడాలు లేకుండా. పని వెంట పని పట్టుకుని వెళ్లండి. తాగే నీళ్లు కళపెళా మరగాలి. మరగాలంటే నిప్పు, నిప్పంటే పొగ. పగలు పొగ దూరానికి కనిపిస్తుంది, రాత్రి మంట కనిపిస్తుంది. మరి ఎప్పుడు కాస్తుంది? ఈ ఒక్క నిర్ణయంలో ఆమె స్వభావం మొత్తం బయటపడుతుంది. ఆమె ధైర్యవంతురాలని మీరు విడిగా చెప్పక్కర్లేదు.

5. భాషను వాడుకోండి

మాట్లాడే తోడు లేని కథలో సంభాషణ ఎలా? డైరీ, కుక్క, రెండూ అరిగిపోయాయి. మన భాషలో వేరే దారులున్నాయి. "ఆమె వచ్చింది", "కుక్క వచ్చింది", "గాలి వచ్చింది" అన్నిటికీ క్రియ ఒకటే. "తలుపు దాకా వచ్చింది, ఆగింది" అని కర్త లేకుండా రాసి చూడండి, ఒక పేరా దాకా ఊపిరి బిగబట్టించవచ్చు.

ఎవరైనా ఎదురైనప్పుడు మొదటి సమస్య నువ్వా, మీరా అన్నది. ఏడాదిగా ఎవరినీ పలకరించని నోరు అక్కడ తడబడాలి. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు ఆమె "మేము" అంటుంది. ఎదుటి మనిషిని కలుపుకునే "మనం" మాత్రం ఆమె నోట రాకూడదు. డ్రాఫ్ట్ అయ్యాక ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి ఆమె మాటల్లోంచి అన్నీ కొట్టేయండి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి చివరి అధ్యాయంలో, ఇంకా పేరు కూడా అడగని మనిషితో, "మనం నీళ్లు ఎక్కడ కాచుకుందాం?" అని వస్తే సరిపోతుంది.