మన గోదారి జిల్లాల నుంచి కడుపు జబ్బుల రీసెర్చ్‌లోకి వెళ్లాలంటే

ఇంటర్ బైపీసీ పిల్లల అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటేనండి, "డాక్టరై హాస్పిటల్ పెట్టుకోకుండా ఈ రీసెర్చ్ ఏంటి, అందులోనూ విరేచనాల మీదా?" అని. ఆయ్, విరేచనాల మీదే. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి చెరువు అడుగంటిపోయి ఆ నీళ్లు ఎలా తయారవుతాయో మనకి తెలిసినట్టు ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చున్నోళ్లకి తెలీదు కదా.

దారులు రెండు. నీట్ కొట్టి ఎంబీబీఎస్, ఆ పైన ఎండీ మైక్రోబయాలజీ, లేదంటే ఎండీ జనరల్ మెడిసిన్ చేసి డీఎం గ్యాస్ట్రో, అంటే కడుపు, పేగుల స్పెషలైజేషన్. నీట్ రాలేదా, ఏం కొంప మునగలేదు, బీఎస్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి సీఎస్ఐఆర్ నెట్ లాంటి జాతీయ పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరొచ్చు. ఎంబీబీఎస్‌లో ఉన్నోళ్లయితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లది ఎస్‌టీఎస్ అని రెండు నెలల చిన్న ప్రాజెక్ట్ ఉంటుంది, దానికి అప్లై చెయ్యండి, డబ్బులు పెద్దగా రావు గానీ ఈ పని మన ఒంటికి పడుతుందో లేదో అక్కడే తేలిపోద్ది. పసిపిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద ఆసక్తి ఉంటే వెల్లూరు సీఎంసీ వైపు, కలరా అయితే కోల్‌కతాలో ఐసీఎంఆర్ సంస్థ వైపు చూడండి.

మనోళ్లకి ఇదేం కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు, అంటే తిన్నది పేగులకి పట్టదు, మనిషి చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావు గారికీ అదే వచ్చింది, బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో ఆయన టీమే 1945లో ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ తయారుచేసింది, స్ప్రూకి పనికొచ్చింది అదే. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్‌ని డగ్గర్ అనే ఆయన కనిపెట్టింది కూడా సుబ్బారావు గారు నడిపిన ల్యాబులోనే. కడుపులో పుండు చేసే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి మామూలు కోర్సుకి లొంగనప్పుడు ఇప్పటికీ బిస్మత్‌తో కలిపి టెట్రాసైక్లిన్ వాడతారు, అదీ సంగతి.

ఇప్పుడు అసలు పని, అంటే మనుషుల్ని అడగడం. పుస్తకం భాషలో "అతిసారం ఉందా" అంటే ఎవరూ చెప్పరు. నీళ్ల విరేచనాలా, జిగటగా రక్తం పడుతోందా, రోజుకి ఎన్నిసార్లు, ఇలా విడివిడిగా అడగాలి. తాగే నీళ్లు ప్లాంట్ క్యానా, కుళాయా, చెరువా అని అడిగితే అందరూ "క్యానేనండి" అంటారు, మరి పొలం వెళ్లినప్పుడో అనండి, అప్పుడు వస్తుంది అసలు సంగతి. గ్యాస్ మాత్ర గురించి ఇంకా జాగ్రత్త, ఓ పెద్దాయన నాతో ఏ మందూ వాడనని మూడుసార్లు చెప్పి, కాఫీ ఇచ్చేటప్పుడు వాళ్లావిడ "పరగడుపున ఆర్ఎంపీ ఇచ్చిన చిన్న మాత్ర ఒకటి వేస్తారు కదండీ" అంది, అయిపోయింది, ఆ శాంపిల్ దండగ. పైలోరీకి బ్రెత్ టెస్టో (ఊపిరి పరీక్ష) మలం టెస్టో చెయ్యాలంటే పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు కనీసం రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి ఉండాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఆపమనేది వాళ్ల డాక్టరు, మనం కాదు. అందుకే మాత్ర పేరు అడక్కండి, మందుల కవరు తెమ్మనండి.

విరేచనాల శాంపిల్ యాంటీబయాటిక్ మొదలెట్టకముందే తీసుకోవాలి. కలరా అనుమానం ఉంటే కేరీ బ్లెయిర్ ట్యూబులో, అంటే దారిలో క్రిమి చావకుండా ఉంచే ట్యూబులో పెట్టండి, లంక గ్రామం నుంచి పంటు దాటి కాకినాడ చేరేదాకా ఆగుద్ది. అన్నిటినీ ఐస్‌లో పెట్టేయకండి, కలరా క్రిమికి ఆ చల్లదనం పడదు, రోటావైరస్ శాంపిలైతే చల్లగానే ఉండాలి.

ఇక ల్యాబులో తొందర పనికిరాదు. ఆస్ట్రేలియా పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అని ఇద్దరు డాక్టర్లు, వాళ్ల క్రిములు పెంచే ప్లేట్లు రెండ్రోజులు చూసి ఏం పెరగలేదని పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ఎవరూ తియ్యక ఐదారు రోజులు ఇంక్యుబేటర్లో ఉండిపోతే అప్పుడు పెరిగింది పైలోరీ. ఈ క్రిమే కడుపు జబ్బు తెస్తుందంటే ఎవరూ నమ్మట్లేదని మార్షల్ 1984లో ఆ క్రిమిని తనే తాగేశాడు, వాంతులయ్యాయి, ఎండోస్కోపీలో గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) కనబడింది, అల్సర్ మాత్రం రాలేదు, జనం ఇది తప్పు చెప్తుంటారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీరు మాత్రం తాగకండి బాబూ, ఇప్పుడు ఎథిక్స్ కమిటీ సంతకం లేనిదే ఎవరి శాంపిలూ ముట్టుకోకూడదు, మీ సొంతదైనా సరే. ఆ అప్లికేషన్ ప్రాజెక్ట్‌కి మూడు నెలల ముందే పెట్టెయ్యండి, కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో మన చేతిలో ఉండదు. పండక్కి ఊరెళ్లేటప్పుడు ప్లేట్ల మీద తేదీ, "పారెయ్యొద్దు" అని పెద్దక్షరాల్లో తెలుగులోనే రాసి వెళ్లండి, క్లీనింగ్‌కొచ్చే అక్కకి అర్థమవ్వాలి కదా.