బడి పరీక్షల విశ్లేషణ – నాలుగో పాఠం: తప్పు జవాబు ఎవరు పెట్టారు?

మూడో పాఠం చదివి లెక్కలు కట్టి పంపినవారి పట్టికలన్నీ చూశాను. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, బరంపురం నుంచి వచ్చాయి. ఈసారి పరీక్ష విశ్వసనీయత (మార్కులు ఎంత నిలకడగా వస్తాయన్నది) గురించి రాయాల్సింది, కానీ అది ఆగుతుంది. బాగా చదివేవారినీ వెనకబడినవారినీ ఒక ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే విచక్షణా సూచికలో మైనస్ గుర్తు కనిపించగానే చాలామంది ఆ ప్రశ్నను కొట్టేశారు. ఇరవై అయిదు ప్రశ్నలతో మొదలై పన్నెండుకు చేరిన పరీక్షలూ వాటిలో ఉన్నాయి. కొట్టేసిన ప్రశ్నలన్నిటినీ దయచేసి వెనక్కి తెచ్చుకోండి. ఈ పాఠమంతా వాటి గురించే.

కొత్తగా చేరినవారికి ఒక్క మాట. మొత్తం మార్కులను బట్టి పిల్లలను వరసలో పెట్టి పైనున్న 27 శాతాన్ని ఒక జట్టుగా, కిందనున్న 27 శాతాన్ని ఇంకో జట్టుగా తీస్తాం. ఒక ప్రశ్నకు పై జట్టులో సరైన జవాబు పెట్టినవారి సంఖ్యలోంచి కింది జట్టు సంఖ్య తీసేసి, ఒక జట్టులోని పిల్లల సంఖ్యతో భాగిస్తే విచక్షణా సూచిక వస్తుంది. మైనస్ వచ్చిందంటే ఆ ప్రశ్నకు కింది జట్టే ఎక్కువ సరిగ్గా పెట్టిందన్నమాట. ఈ 27 శాతం 1939లో ట్రూమన్ కెల్లీ చూపిన లెక్క. 0.40 దాటితే చాలా మంచి ప్రశ్న, 0.20 కన్నా తక్కువైతే తీసేయాల్సిన లేదా తిప్పి రాయాల్సిన ప్రశ్న అనే హద్దులు పరీక్షల నిపుణుడు రాబర్ట్ ఈబెల్ పెట్టినవి. ఆయన తీసేయమన్నా, తిప్పి రాయమన్నా, ముందు ప్రశ్నలో ఏం జరిగిందో తెలియాలి కదా.

అన్నిటికన్నా ముందు మైనస్‌లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఇరవై అయిదింటిలో ఒకటో రెండో అయితే ఆ ప్రశ్నలను అనుమానించాలి. సగానికి సగం మైనస్ అయితే అనుమానించాల్సింది ప్రశ్నలను కాదు, పట్టికను. పై జట్టు అంటేనే ఎక్కువ ప్రశ్నలకు సరైన జవాబు పెట్టిన పిల్లలు. వాళ్లు సగం ప్రశ్నల్లో కింది జట్టుకన్నా వెనకబడటం దాదాపు కుదరని పని. అలా కనిపించిందంటే వరస మార్చేటప్పుడు మొత్తం మార్కుల నిలువు గడులు మాత్రమే కదిలాయి, పక్కనున్న జవాబులు ఉన్నచోటే ఉండిపోయాయి. ఒకరి మార్కులు ఇంకొకరి జవాబుల పక్కకు చేరాయి. అప్పుడు రెండు జట్లూ చీట్లు తీసి వేసినట్టే. సూచికలు సున్నాకు అటూ ఇటూ చెదిరి, సగం ప్లస్‌లు, సగం మైనస్‌లు వస్తాయి. నాకు వచ్చిన పట్టికల్లో ఎక్కువ వాటికి జరిగింది ఇదే.

దీని గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇది జరిగినట్టు షీట్ (కంప్యూటర్‌లోనో ఫోనులోనో మనం లెక్కలు కట్టే పట్టిక) ఎక్కడా చూపించదు. ఎర్ర గుర్తు రాదు, ఫార్ములా ఆగిపోదు, లెక్క నున్నగా వచ్చేస్తుంది. మొత్తం మార్కుల గడులను మాత్రమే ఎంచుకుని వరస మార్చమంటే, కంప్యూటర్‌లో ఎక్సెల్ అయితే 'పక్క గడులను కూడా కలపాలా' అని ఒక పెట్టె వస్తుంది. తొందరలో వద్దని నొక్కేస్తాం. ఫోనులో చేసేవారికి ఆ పెట్టె కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి పేరు నుంచి చివరి ప్రశ్న దాకా పట్టిక మొత్తాన్ని ఎంచుకున్నాకే వరస మార్చండి. మార్చాక పైన ఒక పిల్ల, మధ్యలో ఒక పిల్లవాడు, అడుగున ఒకరు, ఈ ముగ్గురి జవాబులను చేత్తో కూడి, మొత్తంతో సరిపోయిందో లేదో చూడండి. ముగ్గురిలో ఒక్కరిది సరిపోకపోయినా మొదటినుంచి రావలసిందే. నా పద్ధతి చెబుతాను: అసలు షీట్‌ను ఎప్పుడూ కదపను. నకలు తీసి నకలులోనే వరస మారుస్తాను. శీర్షికల్లో రెండు గడులను కలిపేసే అలవాటు ఉంటే మానేయండి, వరస మార్చేటప్పుడు అదీ అడ్డం పడుతుంది.

పట్టిక సరిగ్గానే ఉండి, అయినా మైనస్ వచ్చిందనుకుందాం. ఇక్కడి నుంచి ఈనాటి పని. ఇప్పటిదాకా సరైన జవాబులనే లెక్కపెట్టాం. ఇప్పుడు ప్రతి ఎంపికనూ రెండు జట్లలో ఎంతమంది పెట్టారో విడిగా లెక్కపెట్టాలి. కౌంట్‌ఇఫ్ (ఒక షరతుకు సరిపోయిన గడులను లెక్కపెట్టే ఫార్ములా) వచ్చినవారికి, ఒకటికి మించి షరతులు పెట్టే కౌంట్‌ఇఫ్స్ వచ్చినట్టే, ఫార్ములా మళ్లీ రాయను. తరగతి చిన్నదైతే నేను కాగితం మీద నాలుగు గీతలు, అడ్డంగా ఐదో గీత పెట్టి లెక్కిస్తాను. ఆ గీతలు పడుతుండగానే కన్ను పోలికలను పట్టేస్తుంది.

వచ్చిన పట్టికల్లో ఒకదాన్ని వివరాలు మార్చి నమూనాగా చూపిస్తాను. ఒడియా మాధ్యమం నాలుగో తరగతి, రెండు సెక్షన్లు కలిపి 41 మంది. జట్టుకు 11 మంది. ఫోనులో గూగుల్ ఫారం మీద పరీక్ష. ప్రశ్నకు పుస్తకంలోని కూడికను ఫొటో తీసి పెట్టారు, ఒడియా అంకెల్లో ఇరవై నాలుగుకు పదమూడు కలపాలి. ఎంపికలు మాత్రం ఫోను కీబోర్డులో మామూలు అంకెలతో కొట్టారు: 37, 41, 11, 47.

కింది జట్టులో 37 పెట్టినవారు ఆరుగురు, 11 పెట్టినవారు ఇద్దరు, 41 ఒకరు, 47 ఒకరు, ఒకరు ఖాళీగా వదిలేశారు. పై జట్టులో 37 పెట్టింది ముగ్గురే. ఏడుగురు 41 పెట్టారు, ఒకరు 11 పెట్టారు. సూచిక మైనస్ 0.27. ఈ లెక్క కట్టినవారు ప్రశ్న చెడ్డదని రాసి కొట్టేశారు.

ఇప్పుడు ఆ 41ని చూడండి. మంచి మార్కుల పిల్లలు ఏడుగురు ఒకే తప్పు దగ్గర కూడారంటే అది ఊహించి పెట్టిన జవాబు కాదు. ఊహించి పెట్టేవారు మూడు తప్పుల మీదా చెదురుతారు. ఒడియాలో నాలుగు అంకె చూడటానికి మామూలు 8 లాగా ఉంటుంది. ఆ కూడికను ఇరవై ఎనిమిది, పదమూడు అని చదివితే వచ్చేది 41. పిల్లలు కూడటం చక్కగా కూడారు, చదవడంలో తప్పారు. ఆ ఏడుగురిలో ఎక్కువమంది నిరుడు ఆంధ్రలోని పాతపట్నం వైపు బడుల్లో మామూలు అంకెలతో చదివి ఈ ఏడు ఇటు చేరినవారని టీచరు తర్వాత చెప్పారు. తక్కిన ఒడియా అంకెల్లో చాలావరకు వాళ్లకు కొత్త రూపాలు, అందుకే ఆగి చదువుతారు. నాలుగు దగ్గర ఆగరు, ఎందుకంటే అది తెలిసిన అంకెలా కనిపిస్తుంది.

ఇది నిజమో కాదో తేల్చడానికి దారి ఉంది. అదే పరీక్షలో నాలుగు అంకె ఉన్న మిగతా ప్రశ్నలన్నీ తీయండి. అక్కడ కూడా నాలుగును ఎనిమిదిగా చదివితే వచ్చే జవాబు ఎంపికల్లో ఉంటే, అదే పిల్లలు దాన్ని పెట్టారా? పెట్టి ఉంటే సందేహం లేదు. నాలుగు లేని కూడికల్లో వాళ్లు సరిగ్గా చేశారా అన్నది కూడా చూడాలి. ఆ ప్రశ్న కొట్టేసిన టీచరు ఒక చెడ్డ ప్రశ్నను వదిలించుకున్నాననుకున్నారు. పోయింది ఆ ఏడుగురికి ఏం నేర్పాలో చెప్పే ప్రశ్న.

ఇళ్లలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే ఊళ్లు మనవి. అందుకని 'తెలుగు ఇళ్ల పిల్లలు ఈ ప్రశ్నలో వెనకబడ్డారు' అని నేరుగా శాతాలు పోల్చే కోరిక పుడుతుంది. ఆగండి. ఒక గుంపు మొత్తం పరీక్షలోనే వెనకబడి ఉంటే ప్రతి ప్రశ్నలోనూ అలాగే కనిపిస్తుంది. మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లల మధ్యే పోల్చాలి: 15 వచ్చిన తెలుగు ఇంటి పిల్లలనూ 15 వచ్చిన ఒడియా ఇంటి పిల్లలనూ. మాంటెల్, హేన్‌స్జెల్ అనే గణాంక నిపుణులు 1959లో వైద్య పరిశోధన కోసం చేసిన లెక్కను 1988లో హాలండ్, థేయర్ పరీక్షల ప్రశ్నలకు వాడినప్పుడు దాని గుండెకాయ ఇదే. పూర్తి పద్ధతికి చాలామంది పిల్లలు కావాలి, మనకు ఈ పోలిక పాటిస్తే చాలు.

మిగతా రకాలు త్వరగా చెప్పేస్తాను. పై జట్టు దాదాపు అంతా ఒకే 'తప్పు' పెట్టిందంటే మొదట కీ (దిద్దడానికి పెట్టుకున్న సరైన జవాబుల జాబితా) చూడండి. కీలో అక్షరం మారి ఉండే అవకాశమే ఎక్కువ. పరీక్షను రెండు సెట్లుగా ఇచ్చి, ఓఎంఆర్ కాగితాలన్నిటినీ (గుండ్రాలు నింపే జవాబు పత్రాలు) ఒకే కీతో దిద్దితే రెండో సెట్టు రాసిన పిల్లల మార్కులు తప్పుగా వస్తాయి, అదీ చూసుకోండి. రెండు జట్లూ అన్ని ఎంపికల మీదా సమంగా చెదిరితే ఆ పాఠం ఎవరికీ అందలేదు. చివరి ప్రశ్నల్లో ఖాళీలు పెరిగితే సమయం చాలలేదని అర్థం. ఖాళీలను తప్పుల్లో కలపకుండా వేరే వరసలో రాయండి. కాగితం మీది జవాబులను షీట్‌లోకి ఎక్కించేటప్పుడు 3/4 అని కొడితే అది తేదీగా మారిపోగలదు, కాబట్టి ఎంపిక అక్షరమే కొట్టండి.

ఏ జట్టులోనూ ఒక్కరూ ఎంచుకోని ఎంపిక ఉంటే తీసేయండి. నాలుగో ఎంపిక కోసం ఏదో ఒకటి రాయడం నాకు బొత్తిగా నచ్చదు. ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన మైఖేల్ రోడ్రిగ్వెజ్ కూడా 2005లో మూడు ఎంపికలు చాలని తేల్చారు. పిల్లలు నిజంగా చేసే తప్పులు రెండు దొరికితే ఆ రెండే పెట్టండి. 'పైవన్నీ' అనేదాన్ని నేను ఎప్పుడూ పెట్టను.

పద్దెనిమిది మంది ఉన్న తరగతి నుంచి 0.400 అని మూడు స్థానాల దాకా రాసి పంపినవారికి: 27 శాతం పెద్ద గుంపుల కోసం. పద్దెనిమిది మందిలో అది జట్టుకు ఐదుగురు, ఒక్క పిల్లవాడి జవాబు మారితే సూచిక 0.20 కదులుతుంది. అలాంటి చోట తరగతిని సగానికి సగం విడదీయండి, లేదా అదే కాగితం పక్క బడిలో కూడా పెట్టించి రెండూ కలపండి.

అభ్యాసం. మీరు కొట్టేసిన ప్రశ్నల్లోంచి పది తీసుకుని, ఎంపికలవారీ లెక్క కట్టండి. వాటిలో పై జట్టు ఒకే తప్పు దగ్గర కూడిన ప్రశ్నలు మూడు ఎంచుకోండి. ఒక్కో ప్రశ్నకు ఆ తప్పు పెట్టిన ముగ్గురు పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంట్లో మాట్లాడే భాషలోనే ఆ లెక్కను పైకి చెబుతూ చేయమనండి. సవర పిల్లలైతే ఆ భాష తెలిసినవారిని పక్కన పెట్టుకోండి. మధ్యలో సరిదిద్దవద్దు, తల కూడా ఊపవద్దు. వాళ్లు అన్న మాటలను అన్నట్టే రాయండి. ఆ తర్వాత ఆ మూడు ప్రశ్నలను తిరగరాసి, ఇంకో సెక్షన్‌కు పెట్టి సూచిక మళ్లీ కట్టండి. దీనికి రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి, విశ్వసనీయత పాఠం ఆ పట్టికలు వచ్చాకే. పంపేటప్పుడు పిల్లల పేర్లు తీసేసి వరస సంఖ్యలు ఉంచండి. కీ తప్పకుండా జత చేయండి, పోయినసారి చాలా పట్టికలు కీ లేకుండానే వచ్చాయి.