వరంగల్ నుంచి సముద్రతీరానికి: కుటుంబంతో నాలుగు రోజుల విశ్రాంతికి ఏర్పాట్లు

తెలంగాణకు సముద్రతీరం లేదు కనుక వరంగల్, హనుమకొండ కుటుంబాలు సముద్రం దాకా వెళ్ళినప్పుడు ఆ ప్రయాణాన్ని సాధారణంగా యాత్రగా మార్చేస్తాయి. మూడు రోజుల్లో సింహాచలం, అరకు, బొర్రా గుహలు, జలాంతర్గామి ప్రదర్శనశాల చూసి, వెళ్ళినప్పటికంటే ఎక్కువ అలసటతో తిరిగి వస్తాయి. అలాంటి యాత్రకు ఈ సూచనలు పనికిరావు. సముద్రానికి ఎదురుగా వంటగది ఉన్న ఒక ఫ్లాట్ తీసుకుని, నాలుగు రాత్రులు అక్కడే ఉండి, చేయవలసిన పనులను వీలైనంత తగ్గించుకోదలచినవారి కోసమే వీటిని రాస్తున్నాను.

ముందుగా నిర్ణయించుకోవలసింది కాలం. దసరా సెలవులు పొడవుగా ఉంటాయి కనుక మనసు వాటి మీదికి పోతుంది. బతుకమ్మను వదిలి ఇంటి ఆడవారు కదలరన్న మాట అటుంచినా, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. వేసవిలో ఉక్కపోత భరించడం కష్టం, పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉండటం వల్ల మంచి చేప దొరకడం తగ్గుతుంది. అందువల్ల సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు ఉన్న రోజులే అన్నిటికంటే అనుకూలం. అయితే మేడారం జాతర జరిగే ఏడాది ఆ వారాన్ని వదిలివేయండి, ఎందుకంటే అప్పుడు కాజీపేట, వరంగల్ స్టేషన్ల వరకు చేరుకోవడమే ఒక ప్రయాణమవుతుంది.

చోటు విషయానికి వస్తే, విశాఖ నగరంలోని ఆర్కే బీచ్ ఎదుట ఫ్లాట్ తీసుకుంటే నిశ్శబ్దం దొరకదు. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్ళే తీరరోడ్డు వెంట వెతకడం మేలు. ఆ దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధారామం ఉన్నందున ఏదో ఒక సాయంత్రం పిల్లలకు విసుగు పుట్టినా తీసుకువెళ్ళడానికి దగ్గరలో చోటు ఉంటుంది. అంతదూరం వద్దనుకునేవారికి బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు ఉన్నాయి. అక్కడ శని, ఆదివారాల్లో, కార్తీక పౌర్ణమికి జనం కిక్కిరిసిపోతారు కనుక సోమవారం చేరి శుక్రవారం బయలుదేరేలా చూసుకోవాలి.

వరంగల్ నుంచి చీరాలకు రైల్లో దాదాపు 300 కిలోమీటర్లు, విశాఖకు 550 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను సాయంత్రం దాటాక ఎక్కితే తెల్లవారుజామున విశాఖలో దిగవచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అయితే ఫ్లాట్లను సాధారణంగా మధ్యాహ్నానికి గానీ అప్పగించరు కనుక, ఉదయమే చేరే కుటుంబాన్ని లోపలికి రానిస్తారా, అదనపు రుసుము తీసుకుంటారా అన్నది బుకింగ్ సమయంలోనే తేల్చుకోవాలి. ముసలివారు, నిద్రమొహాల పిల్లలు, సామాను కలిసి వాచ్‌మెన్ గది ముందు నాలుగు గంటలు కూర్చుంటే మొదటి రోజు అక్కడే ముగిసినట్లు.

ఫ్లాట్‌ను ఫొటోలు చూసి నమ్మకూడదు. సముద్రం కనబడుతుందని చెప్పే ఇల్లు వేరు, సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లు వేరు. రెండో భవనం సందులో నుంచి నీలిగీత కనిపించినా మొదటి మాట నిజమే అవుతుంది. బాల్కనీలో నిలబడి తీసిన వీడియోను పంపమని యజమానిని అడగండి. బాల్కనీ కటకటాల మధ్య ఎంత ఎడముందో, పిల్లవాడు ఎక్కడానికి వీలైన అడ్డకమ్ములు ఉన్నాయో కూడా అందులోనే తెలుస్తుంది. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక ఆ కమ్ములు గట్టిగా ఉన్నాయా, కిటికీల గొళ్ళాలు పడుతున్నాయా అన్నది చేరగానే చేత్తో కదిపి చూడాలి. లిఫ్ట్‌కు జనరేటర్ ఉందా, కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయా, తాగునీటి క్యాన్లు పైకి తెచ్చి ఇస్తారా, వంటగదిలో మాంసాహారం వండుకోనిస్తారా అన్నవి మొహమాటపడకుండా అడగవలసిన ప్రశ్నలు. పెద్దలందరి ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి.

వంటగది ఉన్నదన్న ఉత్సాహంతో మూడు పూటలా వండే బాధ్యతను ఇంటి ఇల్లాలి మీద వేస్తే ఆమెకు సెలవు లేనట్లే. ఉదయం టిఫిన్ బయట నుంచి తెప్పించుకుని, మధ్యాహ్నం ఒక్క పూటే వండుకుని, ఆ వంటలో మగవారూ చేయి వేయడం న్యాయం. ఇంటి నుంచి కారం, చింతపండు, కొంచెం బియ్యం, సాయంత్రాలకు సకినాలు తీసుకువెళితే సరిపోతుంది. చెరువు బొచ్చె, కొర్రమీను తిని పెరిగినవారికి సముద్రపు చేప రుచి కొత్తగా ఉండవచ్చు కనుక, వాసన తక్కువగా ఉండే చందువ లేదా వంజరంతో మొదలుపెట్టడం మంచిది. మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉన్న చేపనే ఎంచుకుని, అక్కడే కోయించుకుని తెచ్చుకోండి. పొలుసు ఫ్లాట్ సింకులో పడితే కొంత జరిమానా కట్టవలసి రావచ్చు.

నీటి భద్రత గురించి మాత్రం కొంచెం ఎక్కువగానే చెప్పాలి. మన పిల్లలు ఈత నేర్చుకునేది బావుల్లోనో చెరువుల్లోనో, అక్కడ భయపడవలసింది లోతుకు. సముద్రంలో మోకాలి లోతు నీరు కూడా మనిషిని లాగగలదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా కొన్నిచోట్ల ఇరుకైన పాయగా వేగంగా లోపలికి తిరిగిపోతుంది. ఆ పాయ మీద అలలు అంతగా విరగవు కనుక కొత్తవారికి అదే ప్రశాంతమైన చోటుగా కనిపించి, సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివారు తేలుతూ చేయెత్తి సాయం కోరాలి. జాలరులను అడిగి, వారు వద్దన్న చోట దిగవద్దు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు, మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువ ఎత్తుకు చేరుతుంది కనుక గోడమీది క్యాలెండర్ ఇక్కడా పనికివస్తుంది. అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లోనే. బయలుదేరే ముందు రోజు దాని వెబ్‌సైట్ చూడండి.

దినచర్యను తూర్పుతీరానికి తగినట్లు మార్చుకోవాలి. సూర్యుడు నీటిలో నుంచి ఉదయిస్తాడు కనుక తీరం మీద గడపవలసిన సమయం తెల్లవారుజాము నుంచి ఎనిమిది గంటల వరకే. పది నుంచి నాలుగు వరకు గదిలో నిద్ర, పచ్చీసు, చదువుకోవడం. తరువాత మళ్ళీ ఒడ్డు. ఇసుకలో నడవలేని నాయనమ్మకు, తాతయ్యకు బాల్కనీలో రెండు కుర్చీలు ఉంటే చాలు. వారి కోసం ప్రత్యేకంగా గుడి దర్శనాల పట్టిక వేయనక్కరలేదు, వారే అడిగితే ఒక పూట కేటాయించండి.

ఖాళీ చేసే రోజు అడ్వాన్సు సొమ్ము తిరిగి రావాలంటే, చేరిన రోజే అద్దాలు, పరుపులు, గీజరు ఫొటోలు తీసి యజమానికి పంపి ఉండాలి. కారులో వెళ్ళినవారు ఇంటికి చేరిన మర్నాడే అడుగుభాగంతో సహా మంచినీటితో కడిగించడం మరచిపోవద్దు.