మొదటి సోలో బెల్లీ డాన్స్: ఎక్కడ తడబడతారు, ఎందుకు, ఏం చేయాలి

ఈజిప్టు శైలి బెల్లీ డాన్స్‌ను అరబ్బీలో రక్స్ షర్కీ అంటారు, అంటే తూర్పు నాట్యం. అందులో మొదటిసారి ఒంటరిగా వేదిక ఎక్కబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. అడుగులు మరచిపోతామన్న భయమే చాలామందిని నిద్రపోనివ్వదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఇంట్లో అద్దం ముందు అంతా వస్తుంది, వేరే గదిలో సగంలో ఆగిపోతున్నాను

కారణాలు రెండు. అద్దంలో ఒక కదలిక చూసి తరవాతి కదలిక అందుకోవడం అలవాటవుతుంది. అద్దం లేకపోతే ఆ ఆధారం పోతుంది. రెండోది, రోజూ మొదటి నుంచే సాధన చేయడం. మొదటి నిమిషం వందసార్లు చేసి ఉంటారు, చివరి నిమిషం పదిసార్లు కూడా చేసి ఉండరు.

పాటను ఐదారు ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ పాటలోంచే పేరు పెట్టండి: "వేణువు వచ్చే చోటు", "డోలు ఒక్కటే మోగే చోటు", "పల్లవి రెండోసారి". "మూడో ఎనిమిది" (ఎనిమిదేసి లెక్కల్లో మూడోది) లాంటి అంకెల పేర్లు వద్దు. వేదిక మీద లెక్క తప్పితే మళ్ళీ దొరకదు, వేణువు మాత్రం వినిపించక మానదు. చివరి ముక్కను ముందు నేర్చుకోండి, ఆ తరవాత దానికి ముందుది. అప్పుడు నాట్యం సాగేకొద్దీ బాగా వచ్చిన భాగంలోకి అడుగుపెడతారు. సాధనలో సగం అద్దానికి వీపు పెట్టి చేయండి.

రాత్రి పడుకునే ముందు కళ్ళు మూసుకుని, కదలకుండా పాట మొత్తం వినండి. ఎక్కడ మనసులో కదలిక కనిపించదో అదే బలహీనమైన చోటు. రాసిపెట్టుకుని మర్నాటి సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పాటకంటే ముందుకు పరుగెడుతున్నాను

కంగారులో గుండె వేగం పెరుగుతుంది, లెక్క కూడా దానితో పాటే పెరుగుతుంది. అంకెలు వదిలి డోలును పట్టుకోవాలి. ఆ డోలు దర్బూకా; ఈజిప్టువారు దాన్నే తబ్లా అంటారు, మన తబలా వేరు. మధ్యలో కొడితే "దుమ్" అని బరువైన మోత, అంచున కొడితే "టెక్" అని పలచని మోత. ఎక్కువగా వినిపించే మక్సూమ్ తాళం ఇలా ఉంటుంది: దుమ్, టెక్, విరామం, టెక్, దుమ్, విరామం, టెక్, విరామం. కూచిపూడిలోనో భరతనాట్యంలోనో జతులు పలికిన నోటికి ఇది కొత్త కాదు. చప్పట్లు కొడుతూ, పైకి పలుకుతూ గదంతా నడవండి. తరవాత రెండో దుమ్ మీద తుంటి దించి, టెక్ వినిపించేదాకా ఎత్తకుండా ఆగండి. ఆ చిన్న ఆగడం వంట్లోకి వస్తే పరుగు తగ్గుతుంది. ఫోనులో పాట వేగం ముప్పావుకు తగ్గించి వారం రోజులు చేయడం కూడా బాగా పనిచేస్తుంది.

షిమ్మీ కాసేపటికే బిగుసుకుపోతుంది

షిమ్మీ అంటే తుంటి ఆగకుండా చిన్నగా వణికే కదలిక. అది బిగుసుకోవడానికి కారణం మోకాళ్లు బిగించడం, ఊపిరి బిగబట్టడం. దాదాపు ఎప్పుడూ ఈ రెండే. శాస్త్రీయ నృత్యం నేర్చినవారికి అరమండి అలవాటు కూడా తోడవుతుంది: పాదాలు, మోకాళ్లు పక్కలకు తెరుచుకుని తొడలు గట్టిపడతాయి. ఇక్కడ పాదాలు తుంటి కింద, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. మోకాళ్లు కొద్దిగా వంచి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు నెమ్మదిగా కదపండి. తుంటిని మీరు ఊపనక్కర్లేదు, అదే ఊగుతుంది. పొయ్యి మీద పాలు పొంగేదాకా అలా చేస్తూ పక్కవారితో మాట్లాడండి. మాట ఆగిపోయిందంటే ఊపిరి బిగబట్టినట్టే. నడుము వెనక నొప్పి వస్తే వీపు లోపలికి విరిచి నిలబడుతున్నారేమో చూసుకోండి, తోకఎముక నేలవైపు దించండి. అయినా తగ్గకపోతే ఆపి వైద్యులకు చూపించండి.

తక్సీమ్‌లో ఏం చేయాలో తోచదు

తక్సీమ్ అంటే మన ఆలాపనలాగా ఒకే వాద్యం మనోధర్మంతో సాగే భాగం. చాలాసార్లు డోలు ఉండదు. ఖాళీగా కనిపిస్తామన్న భయంతో వచ్చిన కదలికలన్నీ అక్కడ కుమ్మరిస్తాం. నేనూ అదే చేశాను, సంగీతం ఒకవైపు, నేను ఒకవైపు అయ్యాం.

రెండే కదలికలు తీసుకోండి, మూడోది వద్దు. ఊద్ అనే తీగల వాద్యం మోగితే తుంటితో ఎనిమిది అంకె ఆకారం గీయండి, ఒక్క ఎనిమిదితో ఆ సంగీత వాక్యం మొత్తం నింపండి. నాయ్ అనే వేణువు అయితే చేతులు, ఛాతీ ఊపిరిలా లేచి దిగాలి. కానూన్ అనే మరో తీగల వాద్యం తీగలు వణికినప్పుడు చిన్న షిమ్మీ చాలు. వాద్యకారుడు ఆగిన చోట మీరూ ఆగండి. ఆ నిశ్శబ్దం నాకు ఈ నాట్యంలో అన్నిటికంటే ఇష్టం.

ముఖంలో భావం లేదు, చూపు నేల మీదే ఉంటోంది

పాట అర్థం తెలియకపోవడమే పెద్ద కారణం. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ 1964లో పాడిన "ఇంత ఉమ్రీ" ఎంచుకుంటే, ఆ మాటలకు "నువ్వే నా జీవితం" అని అర్థం. ఇది తెలిసిన మనిషి ముఖం వేరుగా ఉంటుంది. ప్రతి చరణానికీ అర్థం రాయించుకోండి. కచేరీలో ఆ పాట చాలా సేపు సాగేది; మొదటి సోలోకు మూడు నాలుగు నిమిషాల భాగం చాలు.

దుస్తులు ఇబ్బంది పెడుతున్నాయి

పూసల బెల్టు జారుతుంటే నాలుగు వైపులా లోపలి బట్టకు పిన్నీసులు పెట్టండి. తుంటి ఆగాక కూడా ఆ పూసలు ఊగుతుంటాయి, బరువు తాళాన్ని మారుస్తుంది. అందుకే పూర్తి దుస్తుల్లో కనీసం మూడుసార్లు సాధన చేయాలి.

అన్నీ చేసినా వేదిక మీద మరచిపోతే?

మీ కొరియోగ్రఫీ చూసేవారికి తెలియదు. ముందే ఒక కదలిక ఎంచి పెట్టుకోండి: చేతులు విప్పి వలయంగా నడవడమో, తుంటిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పడమో. దాన్నీ సాధన చేయండి. వారానికి రెండుసార్లు పాట మధ్యలో కావాలనే అడుగులు వదిలేసి, ఆ కదలికలోనే ఉండి, వేణువు వినిపించగానే మళ్ళీ అందుకోండి.