గండి పడిందా, కొట్టారా: వార్తలో ఒక మాటను వాడే పద్ధతి

చెరువు కట్ట తెగినప్పుడూ, ఖజానాకు చేరవలసిన సొమ్ము పక్కదారి పట్టినప్పుడూ తెలుగు పత్రికలు ఆశ్రయించే మాట ‘గండి’. విలేకరులకు ఇది ఎంత అలవాటైన మాటంటే, ఏ అర్థంలో రాస్తున్నారో ఆగి చూసుకోవడం అరుదు.

ముందుగా అసలు అర్థం. నీరు చీల్చుకుని పోయిన సందు గండి. పెన్నా నది కొండలను కోసుకుంటూ పారే లోయ అంచున ఉన్న గండికోట పేరులో ఉన్నది ఈ మాటే. కట్టల విషయంలో, కట్టలో ఒక భాగం తెగి నీరు బయటికి దూకితేనే గండి అనాలి. కట్ట అడుగున చిన్న రంధ్రం ఏర్పడి నీరు కారుతుంటే అది బుంగ; దాన్ని సకాలంలో పూడ్చకపోతే గండి అవుతుంది. చెరువు నిండి అలుగు పారడం, తెలంగాణలో మత్తడి దూకడం, ప్రమాదం కానే కాదు, చాలా ఊళ్లలో అది సంతోషవార్త. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు వాగుకు పడినవి గండ్లు. మూడింటిని పూడ్చడానికి సైన్యం సాయం కూడా తీసుకోవలసి వచ్చింది. 2021 నవంబరులో చెయ్యేరు నదిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అక్కడ ‘గండి పడింది’ అని రాస్తే జరిగిన నష్టాన్ని తగ్గించి చెప్పినట్లవుతుంది.

ఇక అసలు జాగ్రత్త క్రియ దగ్గర అవసరం. ‘పడింది’ అంటే దానంతట అది జరిగింది; ‘కొట్టారు’ అంటే ఎవరో చేశారు. వరద వార్తలో ఊరు మునగకుండా అధికారులే కాలువకు గండి కొట్టించవచ్చు, అది రక్షణ చర్య. అలంకారంగా వాడినప్పుడు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ‘ఆదాయానికి గండి కొట్టారు’ అన్న వాక్యం ఎప్పుడూ నేరారోపణే. విచారణ పూర్తికాని వ్యవహారంలో ‘గండి కొట్టారని ఆరోపణ’ అని, ఆరోపించింది ఎవరో చెబుతూ రాయాలి. క్రియ లేకుండా ‘ఖజానాకు గండి’ అని శీర్షిక పెట్టి తప్పించుకోవడం డెస్కులో పాత అలవాటే కానీ, కింద వార్తలో పేరున్న వ్యక్తిపైకే పాఠకుడి చూపు వెళ్తుందని మరువరాదు.

ఏ మాట పక్కన గండి నప్పుతుందో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: అక్కడ ఏదైనా నిలవ ఉండి, లేదా ఒక దారిన పారుతూ ఉండి, బయటికి పోతోందా అని చూడాలి. ఆదాయం, ఓటు బ్యాంకు, రేషన్ సరుకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. ‘ఆరోగ్యానికి గండి’, ‘మర్యాదకు గండి’ నెగ్గవు. అక్కడ ‘ముప్పు’, ‘భంగం’ అనే మాటలు సిద్ధంగా ఉన్నాయి. గండి అనే పోలికను ఒకసారి ఎత్తుకున్నాక చివరిదాకా నిలపాలి. గండిని పూడుస్తారు, దానికి చెక్ పెట్టరు, కళ్లెం వేయరు. పూడ్చే పనికి కళ్లెం ఎందుకు వచ్చిందో రాసినవారికైనా తెలియదు.

కొలతను కూడా వదిలిపెట్టరాదు. కట్ట విషయంలో ‘20 మీటర్ల మేర గండి’ అని వెడల్పు చెబుతాం. సొమ్ము విషయంలోనూ ‘రూ.5 కోట్ల మేర గండి’ అనే అంటాం. మొదటిది టేపుతో కొలవగలిగే సంఖ్య. రెండవది తరచుగా అంచనా మాత్రమే. కనుక రావలసినది ఎంత, వచ్చినది ఎంత, ఆ లెక్క ఎవరిది అన్నది రెండో వాక్యంలోనే రావాలి.

‘గండం’ వేరే మాట. దాని బహువచనం గండాలు, గండికి గండ్లు. గండం తప్పుతుంది, గండి పూడుతుంది.

చివరగా పేజీ దిద్దేవారికి: వరదల రోజుల్లో జిల్లా పేజీలో అలంకారపు గండిని పూర్తిగా పక్కన పెట్టడం మేలు. కట్ట తెగిన వార్త పక్కనే ‘సహాయ నిధికి గండి’ అని ఉంటే, కంగారులో ఉన్న పాఠకుడు మొదట చదివేది ఊరి పేరు, ఆ తరువాత గండి.